ఆటలో అరటిపండు ఆటగాడు కావడానికి పట్టిన దారి: ఒకటో తరగతి పిల్లవాడి కేస్ స్టడీ

ఈ పిల్లవాడికి నేల-బండ ఆట నియమాలన్నీ నోటికి వచ్చు. ఆడేటప్పుడు మాత్రం ఒక్కటీ పాటించేవాడు కాదు. నియమం తెలియని పిల్లలుంటారు, తెలిసీ ఒళ్లు ఆపుకోలేని పిల్లలుంటారు, ఆపుకోగలిగీ ఓడిపోతున్నప్పుడు మాత్రం అడ్డం తిరిగే పిల్లలుంటారు. మనం స్టాఫ్ రూంలో ముగ్గురినీ "మాట వినడు" అని ఒకే గాటన కట్టేస్తాం. ముగ్గురికీ ఒకే మందు వేస్తే ఏమవుతుందో ఈ కేసులో బాగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా ఇంటి వివరాలు కొన్ని మార్చాను. వాడిని ఇక్కడ చిన్నోడు అంటాను.

నేపథ్యం

పాత పాలమూరు జిల్లా 2016లో విడిపోయాక ఏర్పడిన జిల్లాల్లో ఒకదాంట్లో, మండల కేంద్రానికి దూరంగా ఉన్న ప్రాథమిక పాఠశాల మాది. టీచర్లం ఇద్దరం, తరగతులు ఐదు. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో నా దగ్గర కూర్చుంటాయి. వానకాలం పంట ఇంటికి చేరాక ఊళ్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాద్‌కో, పుణెకో కట్టుబడి పనులకు పోతారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వల దగ్గర వదిలి పోతారు.

చిన్నోడు అవ్వ దగ్గర మిగిలినవాడు. ఆరేళ్లు నిండాయి. ఇంట్లో నాయనమ్మ, పెదనాన్న కూతుళ్లు ఇద్దరు, వీడు. అందరికంటే చిన్నవాడు, మగపిల్లవాడు, పైగా అమ్మానాన్న దగ్గర లేరు. అంగన్‌వాడీకి వెళ్లొచ్చాడు కాబట్టి బడి కొత్త కాదు. మాట తేటగా ఉంటుంది, అక్షరాలు తొందరగా పట్టుకుంటాడు, కథ చెబుతుంటే కదలకుండా వింటాడు. ఈ చివరి సంగతి తర్వాత బాగా పనికొచ్చింది.

ఫిర్యాదు

నేల-బండలో దొంగ వచ్చి వీపు మీద చరిచినా "నన్ను ముట్టలే" అనేవాడు. అందరం చూశామంటే "తూచ్, నేను టైం ప్లీజ్ అన్న" అనేవాడు. అదీ సాగకపోతే ముట్టినవాడికి ఒకటి తగిలించేవాడు. పాముపటంలో పాము మింగితే కాయను కిందికి దించకుండా మెల్లగా పక్క గడిలోకి జరిపేవాడు. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే పటాన్నే ఎత్తి తిప్పేసేవాడు. పంటలు వేసినప్పుడు తనే దొంగ అయితే ఆట అక్కడితో సరి.

కొన్నాళ్లు మిగతావాళ్లు సర్దుకున్నారు. ఆ తర్వాత రెండో తరగతి అమ్మాయి ఒకతి అందరి తరఫునా వచ్చి చెప్పింది: "వాని తోటి మేం ఆడం సార్. గెలిచేదాంక ఆడతడు, ఓడితే కొడతడు." నా నోట్‌బుక్‌లో ఈ కేసు మొదటి వాక్యం అదే. పెద్దవాళ్లం "అల్లరి", "మొండి" అని రాసే చోట, ఎప్పుడు ఏం చేస్తాడో ఆ పిల్ల ముక్కకు ముక్క చెప్పింది.

ముందు తేల్చుకున్నవి

వాడికి నియమం తెలుసా అన్నది మొదట చూశాను. సెలవులయ్యాక కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఆట నేర్పమని చిన్నోడికే అప్పజెప్పాను. "దొంగను నేలా, బండా అని అడగాలె. నేల అంటే మనం బండ మీదికి ఎక్కాలె. నేల మీద కాలు పెట్టినప్పుడు ముట్టుకుంటే మనం దొంగ" అని తడుముకోకుండా చెప్పాడు. పక్కవాళ్లు తొండి చేస్తే అందరికంటే ముందు పట్టుకునేదీ వాడే. కాబట్టి తెలియక చేస్తున్నది కాదు.

ఆగగలడా, లేదా? దీనికి జవాబు మధ్యాహ్న భోజనం దగ్గర దొరికింది. గుడ్డు పెట్టే రోజు వరుస పొడుగ్గా ఉంటుంది, తోపులాట కూడా ఎక్కువే. చిన్నోడు ప్లేటు ఛాతీకి ఆనించుకుని, ముందున్న పిల్ల జడ వైపు చూస్తూ, తన వంతు వచ్చేదాకా నిలబడేవాడు. ఎవరినీ తోసేవాడు కాదు. ఆగడం చేతకాని పిల్లవాడైతే అక్కడా ఆగలేడు. మరి వరుసకూ ఆటకూ తేడా ఎక్కడుంది? వరుసలో ఎంత ఆలస్యమైనా చివరికి గుడ్డు అందరికీ వస్తుంది. ఆటలో చివరికి ఎవరో ఒకరికి రాదు. వాడికి కష్టమైంది ఎదురుచూడటం కాదని, పోగొట్టుకోవడమని అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనికీ ఇదే ఆధారం.

మూడోది వయసు. పిల్లల ఆలోచనా తీరును పరిశీలించిన మనస్తత్వవేత్త పియాజే 1932లో వెలువరించిన పరిశీలనల్లో స్విట్జర్లాండ్ పిల్లలు గోటీలాడే తీరు రాశాడు. బడి తొలి ఏళ్ల పిల్లలు కలిసి ఆడుతున్నట్టే కనిపిస్తారు గాని ఎవరి ఆట వాళ్లదే, అందరూ గెలిచామంటారు. నియమం పెద్దవాళ్లు పెట్టింది, మార్చకూడదు అని గట్టిగా చెబుతూనే దాన్ని పట్టించుకోరు. ఏడెనిమిదేళ్లకు గాని ఎదుటివాడితో ఒప్పందం చేసుకుని ఆడటం మొదలవదు. అంటే చిన్నోడి వయసుకు ఇది వింత కాదు. అయితే పక్కన కూర్చున్న ఈడు పిల్లలు ఏడ్చినా మళ్లీ వచ్చి ఆడుతున్నారు, వీడు కొడుతున్నాడు. వయసే సర్దుతుందిలే అని ఊరుకునే లోపు వాడితో ఆడేవాళ్లే మిగలరని నా భయం. ఆడకుండా ఆట నియమం రాదు.

పనిచేయనివి

మా బడిలో అలవాటుగా చేసేది వేపచెట్టు కింద కూర్చోబెట్టడం. కాసేపు ఆట పోతే విలువ తెలుస్తుందని దాని వెనక తర్కం. చిన్నోడి దగ్గర అది తలకిందులైంది. కాయ చచ్చే సమయానికి సరిగ్గా గొడవ పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే చెట్టు కిందికి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. శిక్ష అనుకున్నది వాడికి ఓటమి నుంచి తప్పించుకునే దారి అయింది. పిల్లవాడు ఏదైనా పదే పదే చేస్తుంటే, అది అయిన వెంటనే వాడికి ఏం దక్కుతోందో చూడాలి. ఇక్కడ దక్కుతున్నది ఓడకుండా బయటపడటం. దాంతో ఆ పద్ధతి వాడికి ఆపేశాను.

ఆటకు ముందు అందరిచేతా నియమాలు వల్లె వేయించడం కూడా ఉంది. తెలియని పిల్లలకు అది మేలు చేసింది, చిన్నోడికి నోటి పని అయింది. పాటించినప్పుడల్లా చేతి మీద స్టార్ వేయడం ఇంకొకటి. నేను చూస్తున్నంత సేపు పాటించేవాడు. అవతలికి తిరగ్గానే పాత కథే, పైగా స్టార్ రాలేదని కొత్త గొడవ.

అంపైర్‌ను చేయడం మీద నాకు ఆశ ఉండేది, చాలామంది టీచర్లు సిఫార్సు చేసే ఉపాయం కూడా. వాడు మంచి అంపైరే. కానీ అంపైర్ ఓడడు కదా! ఏ పని వాడికి చేతకాదో ఆ పని మినహా అన్నీ చేయించినట్టయింది. మళ్లీ ఆటలోకి దింపగానే మార్పేమీ లేదు, పిల్లలు మాత్రం "మాకు చెప్పనీకె వస్తడు" అని మరింత దూరం జరిగారు. గెలుపోటములు లేని ఆటలతో కూడా ఇంతే, ఆడుతున్నంత సేపు గది ప్రశాంతంగా ఉండేది.

ఇంటి దగ్గర కనిపించినది

ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద సుద్దతో అష్టాచెమ్మా గీసి ఉంది. గవ్వలు లేవు, ఒక పక్క బండకేసి అరగదీసి తెల్లగా చేసిన చింతగింజలు నాలుగు. అక్కలిద్దరితో చిన్నోడు ఆడుతున్నాడు. కాసేపు చూస్తే ఆట వింతగా అనిపించింది. చిన్నోడి కాయ ఉన్న గడిలోకి అక్క కాయ వస్తే చంపాలి. చంపకుండా ఆ పిల్ల తన కాయను ఒక గడి వెనకే ఆపింది. ఒక కాయనైనా చంపనిదే లోపలి వరుసలోకి పోకూడదు. చిన్నోడు ఎవరినీ చంపకుండానే లోపలికి పోయాడు, ఎవరూ ఏమీ అనలేదు. పందెం బాగా పడకపోతే గింజలు మళ్లీ ఏరుకుని వేశాడు. మొదటగా వాడి కాయలే పండాయి.

పెద్దమ్మాయిని అడిగితే నవ్వి, "వాడు అరటిపండు సార్" అంది.

ఆటలో అరటిపండు మనందరికీ తెలుసు. వెంటపడి వచ్చిన చిన్నపిల్లను ఏడిపించకుండా ఆటలో చేర్చుకుంటాం, కానీ లెక్కలోకి తీసుకోం. ముట్టినా దొంగ కాదు, ఓడినా ఓడినట్టు కాదు. చాలా మంచి ఏర్పాటు అది, మూడేళ్ల పిల్లవాడు పెద్దవాళ్ల మధ్య కూర్చుని ఆట తీరు చూసి నేర్చుకుంటాడు. చిన్నోడి విషయంలో చిక్కేమిటంటే, వాడు అరటిపండు అని అందరికీ తెలుసు, వాడికి ఒక్కడికే తెలియదు. నిజంగానే రోజూ గెలుస్తున్నాననుకుంటున్నాడు. అలాంటివాడు బడికి వచ్చి మొదటిసారి ఓడినప్పుడు, అది అన్యాయంగానే కనిపిస్తుంది. "తూచ్" అనడం వాడి దృష్టిలో తొండి కాదు, ఇంట్లో రోజూ చెల్లే నియమమే.

అవ్వతో మాట్లాడాను. "సారూ, తల్లిదండ్రి కండ్ల ముందల లేని పోరడు. ఆటల గూడ ఏడిపిస్తమా?" అంది. ఆ మాటకు ఎదురు చెప్పాలనిపించలేదు. "ఏడిపియ్యొద్దు అవ్వా. కానీ బడిల పిల్లలు వాన్ని ఆటలకు రానిస్తలేరు. దానికీ ఏడుస్తుండు" అన్నాను. అది ఆమెకు తెలియదు. కాసేపు ఆగి, "అయితె ఏం జెయ్యమంటవ్ జెప్పు" అంది.

పనిచేసినది

బడిలో చాలా చిన్న ఆటతో మొదలుపెట్టాను: సరి-బేసి. పిడికిట్లో కొన్ని చింతగింజలు, ఎదుటివాడు సరో బేసో చెప్పాలి, కలిస్తే ఒక గింజ వాడిది. పిడికిలి తెరిస్తే ఆట తేలిపోతుంది, వెంటనే ఇంకొకటి మొదలవుతుంది. పాముపటంలో అరగంట ఎక్కి చివర్లో పడిపోతే ఆ బరువు ఆరేళ్లవాడికి ఎక్కువ. ఇందులో ఓటమి గింజంత, గెలుపూ అంతే. ఇంకో కారణం కూడా ఉంది. ఇది పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట. వాడిని కావాలని గెలిపించడం నాకూ సాధ్యం కాదు, నేను నిజంగానే సగం సార్లు ఓడతాను. గెలిచిన గింజలు ఆట అయ్యేదాకా ఎవరివి వాళ్ల ముందే ఉంటాయి, గంట కొట్టాక అన్నీ డబ్బాలోకి పోతాయి. ప్రతి సారీ తిరిగి ఇచ్చేస్తే పోయినట్టే ఉండదు. ఇంటికి తీసుకుపోనిస్తే జూదం అవుతుంది.

ఓడినప్పుడల్లా నేను పైకే అనేవాడిని: "అరెరె, పాయె. ఇంగొక్కసారి." పిల్లలు ఆ మాట పట్టుకున్నారు. చెయ్యి లేచే ఆ ఒక్క క్షణంలో నోటికి ఒక పని దొరికితే చెయ్యి ఆగుతుందని నా ఉద్దేశం.

మొదటి రోజుల్లో ఒకసారి నేను "బేసి" అన్నాను. చిన్నోడు పిడికిలి తెరవలేదు. మెల్లగా తొడ కిందికి తీసుకుపోయి ఒక గింజ జారవిడిచి, "సరి!" అని తెరిచాడు. గింజ నేల మీద కనిపిస్తూనే ఉంది. పట్టుకుని అడగనా? అడిగితే ఆ రోజు పాఠం ఓడటం గురించి కాక దొంగతనం గురించి అవుతుంది. వాడి దగ్గర ఇప్పుడు రెండు కష్టాలున్నాయి, ఓటమిని ఓర్చుకోవడం ఒకటి, అవకాశం ఉన్నా తొండి చేయకుండా ఉండటం ఇంకొకటి. రెండూ ఒకేసారి అడగకూడదనుకున్నాను. మరుసటి ఆట నుంచి గింజలు పలక మీద పెట్టి గిన్నె బోర్లించాలన్నాను, గిన్నె పక్కవాడు తీస్తాడు. తొండికి సందు లేదు. "పాయె, ఇంగొక్కసారి" అనడం వాడికి అలవాటయ్యాకే గిన్నె తీసేసి మళ్లీ పిడికిలికి వచ్చాం.

దీనితో పాటు ఒళ్లు ఆపే ఆటలు కొన్ని పెట్టాను. ప్లేటు మీద గంటెతో కొడుతుంటే గంతులేయాలి, చప్పుడు ఆగితే ఎక్కడివాళ్లక్కడ బొమ్మలు. అది వచ్చాక "నేల" అంటే కూర్చోవాలి, "బండ" అంటే నిలబడాలి. ఆ తర్వాత తిరగేసి, "నేల" అంటే నిలబడాలి. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పిల్లల నిగ్రహం కొలవడానికి తల ముట్టుకోమంటే కాలివేళ్లు ముట్టుకునే పరీక్ష ఒకటి వాడతారు, ఇదీ ఆ కోవలోదే. ఇవి చిన్నోడికంటే గదిలో మిగతా ఇద్దరు ముగ్గురికి ఎక్కువ పనికొచ్చాయి. వాళ్ల అవసరం నిజంగా అదే.

అసలు మలుపు ఇంటి అరుగు మీద వచ్చింది. అక్కలిద్దరికీ ఒకే పని చెప్పాను. ఆట మొదలయ్యే ముందు వాడిని అడగాలి: "ఇయ్యాల అరటిపండువా, ఆటగానివా?" ఏది కోరుకున్నా ఆట అయ్యేదాకా అదే. అరటిపండు అయితే కాయను చంపరు, కానీ గెలిచినా లెక్కలేదు. ఆటగాడైతే అన్నీ లెక్కే. ఒక్కసారిగా ఆ రక్షణ తీసేయడం నాకు ఇష్టం లేదు, అవ్వ ఒప్పుకునేదీ కాదు. వాడికి తెలియకుండా ఉన్న ఏర్పాటును వాడి ముందు పెట్టి, ఎంచుకోమనడం మేలనుకున్నాను. అవ్వకు కూడా ఒక షరతు చెప్పాను. ఆట మధ్యలో రావొద్దు, అయిపోయాక ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

మొదట రోజూ అరటిపండే అన్నాడట. కాయలు పండించుకుని "గెలిచిన" అంటే అక్కలు "అరటిపండుకు గెలుపు లేదురా" అని వాళ్లిద్దరిలో ఎవరు ముందో చూసుకునేవాళ్లు. అది వాడికి నచ్చలేదు. ఒకరోజు ఆటగాడినన్నాడు. రెండో వంతుకే కాయ చచ్చింది. వాడు వీధంతా వినిపించేలా ఏడ్చాడని, గింజలు విసిరేశాడని, అవ్వ గడప దాకా వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగిపోయిందని పెద్దమ్మాయి చెప్పింది. అక్కలు గింజలు ఏరుకుని వాళ్ల వంతు వాళ్లు వేశారు, వాడి వంతు వచ్చినప్పుడు గింజలు వాడి ముందు పెట్టారు. మూడోసారి పెట్టినప్పుడు ఏడుస్తూనే వేశాడు.

ఆ తర్వాత బడిలో నియమాల మీద మాట్లాడటం వీలైంది. బోరింగు గద్దె నేల కిందికి వస్తుందా, బండ కిందికా అని రోజూ తగవు పడేవాళ్లు. ఆట మొదలుకాక ముందు అందరూ ఒప్పుకుంటే ఏ నియమమైనా మార్చొచ్చు, మొదలయ్యాక మార్చొద్దు అని తేల్చాం. "తూచ్" అనాలని ఉన్న పిల్లవాడికి ఇది చాలా ముఖ్యం. నీ మాటకు చోటుంది, కానీ ఆ చోటు ఆటకు ముందు. చిన్నోడు ఒక నియమం తెచ్చాడు: కింద పడినవాళ్లను ముట్టొద్దు. అందరూ సరేనన్నారు.

కొద్ది రోజులకు వాడే దొంగగా ఉన్నప్పుడు ఒక పిల్ల గద్దె దగ్గర జారి వాడి కాళ్ల ముందే పడింది. చాచిన చెయ్యి దాని వీపుకు బెత్తెడు దూరంలో ఆగింది. ఇంతలో మెచ్చుకుందామనుకుంటే, వాడు మీద నిలబడి "లే! లేవే!" అని అరవడం మొదలుపెట్టాడు. లేచిన మరుక్షణం చరిచాడు. అది తొండా కాదా అని పెద్ద పంచాయితీ. నియమం ప్రకారం కాదు. ఆ పిల్ల మాత్రం ఒప్పుకోలేదు. నేను తీర్పు చెప్పకుండా మరుసటి ఆట దాకా ఆపాను. అప్పటికి వాళ్లే సవరణ తెచ్చుకున్నారు: లేచినాక మూడు లెక్కపెట్టాలె.

మళ్లీ జారినప్పుడు

సంక్రాంతికి అమ్మానాన్న వచ్చారు. వాళ్లు తిరిగి వెళ్లాక చిన్నోడు మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. నాన్న ఫోన్‌లో ఆటలాడాడట, ఓడిపోతే మూసేసి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అవ్వ ఫోన్‌నే తిట్టింది. నా అంచనా వేరు. అమ్మ బస్సెక్కిన వారంలో పిల్లవాడికి ఇంకో చిన్న నష్టం ఓర్చుకునే శక్తి ఉండదు. నేల-బండ పక్కన పెట్టి సరి-బేసికి వెనక్కి వచ్చాం, గిన్నెతో సహా. ఈసారి తొందరగానే కుదురుకున్నాడు.

వేరే పిల్లవాడికి ఇదే చేయొచ్చా అని అడిగేవాళ్లకు ఒక మాట. భోజనం వరుసలో, కథ వినేటప్పుడు, ఇంట్లో, ఎక్కడా ఆగలేని పిల్లవాడైతే ఇది ఆట సమస్య కాదు. పిల్లల ఆరోగ్య పరీక్షలకు ఏడాదికోసారి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందానికి చూపించాలి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో మాట్లాడాలి. చిన్నోడు వరుసలో నిలబడకపోయి ఉంటే నేనూ ఆ దారే పట్టేవాడిని.

మిగతా పిల్లల సంగతి కూడా చూసుకోవాలి. నా దృష్టంతా ఒకడి మీదే ఉంటే తొండి చేస్తేనే సార్ పక్కన కూర్చుంటాడని వాళ్లకు అర్థమవుతుంది. అందుకే సరి-బేసి ఎప్పుడూ గుంపుగానే ఆడించాను. ఇంటి ప్రశ్న ఎలాగో తరగతికి కూడా పాకింది. ఇప్పుడు జ్వరం తగ్గి వచ్చినవాళ్లు, కాలికి కట్టు ఉన్నవాళ్లు తామే "ఇయ్యాల నేను అరటిపండు" అని చెప్పి ఆడుతున్నారు. ఫిర్యాదు తెచ్చిన అమ్మాయి కూడా ఒకరోజు అలా ఆడింది.

నాలుగు, ఐదు తరగతుల వాళ్ల కోకోలోకి చిన్నోడిని ఇంకా దింపలేదు. రోజూ అడుగుతున్నాడు. అక్కడ తొమ్మిది మంది ఒక జట్టు, ఒకడు తొందరపడి లేస్తే ఫౌల్ జట్టంతటికీ. తన కాయ చస్తే ఓర్చుకోవడం వేరు, తన వల్ల ఓడామని ఎనిమిది మంది తిరిగి చూస్తే ఓర్చుకోవడం వేరు. రెండో తరగతికి వచ్చాక ముందు నలుగురు నలుగురుగా చిన్న జట్లు కట్టి చూడాలి.